పసుపంటని ముక్కు

ద్వారకా నగర్‌లో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరొకాయన ఉన్నాడు. కుర్రాడే. పోయిన నెల నా గురక భరించలేక మా ఆవిడ నన్ను లాక్కెళ్ళి ఆయన ముందు కూర్చోబెట్టింది. ఆయన ముక్కులోకి లైటు వేసి చూస్తూ, నన్ను మాటల్లో పెట్టడానికి కాబోలు, వయసులో ఉండగా ఏమైనా ఆటలాడేవారా అని అడిగాడు. బాక్సింగ్ అన్నాను. ఎన్నాళ్ళు అన్నాడు. ఆరేళ్ళు అన్నాను. ఆయన లైటు పక్కన పెట్టేసి నా మొహంలోకి చూశాడు.

"ఊరుకోండి సార్. ఆరేళ్ళు బాక్సింగ్ ఆడిన ముక్కు ఇలా ఉండదు. లోపల స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. మిమ్మల్నెవరూ కొట్టలేదా?"

మా ఆవిడ పకపకా నవ్వింది. నా బాక్సింగ్ కబుర్ల మీద పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడకున్న అనుమానం ఆ పూటతో తీరిపోయింది. నేనూ నవ్వాను గానీ మెట్లు దిగుతూ ముక్కు తడిమి చూసుకున్నాను. ఈ ముక్కు తిన్నగా ఉండడానికి ఒక మనిషి కారణం. ఆ మనిషి అందుకోవలసింది అందుకోకుండా పోవడానికి ఈ ముక్కే కారణమేమో అన్న దిగులు ముప్పై ఏళ్ళుగా నాలో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అతని పేరు రాయను. "రాస్తే రాసుకో గానీ నా పేరెట్టకు బావా, మా ఈదిలో పిల్లగుంటలు ఏడిపిస్తారు" అని మొన్ననే అన్నాడు. క్లబ్బులో అందరం పెద్దోడు అనేవాళ్ళం. అలాగే కానిద్దాం.

మా క్లబ్బంటే పాత ఊళ్ళో, హార్బరుకి వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు. నేవీలో పనిచేసి వచ్చిన మాస్టారొకాయన దాన్ని నడిపేవారు. మా నాన్నకి పోర్టులో ఉద్యోగమొచ్చి మేం గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చిపడ్డ కొత్త అది. కాలేజీలో నా యాసని వెక్కిరించిన వాళ్ళకి బుద్ధి చెబుదామని నేను క్లబ్బులో చేరాను. అప్పటికి నా బరువు నలభై ఆరు కేజీలు, తడిసిన లాగూతో కలిపి.

పెద్దోడు మాత్రం తనంతట తాను చేరలేదు. ఒక రోజు మాస్టారు తీరం వెంట స్కూటరు మీద వస్తూంటే జాలర్లు పడవని ఇసక మీంచి నీళ్ళలోకి తోస్తున్నారట. ఎడం పక్క ఆరుగురు, కుడి పక్క ఒక్కడే. పడవ తిన్నగా పోతోందట. మాస్టారు స్కూటరు దిగి, ఆ ఒక్కడి దగ్గరికి వెళ్ళి, "ఒరే, సాయంత్రం మా షెడ్డుకి రా, అన్నం పెడతాను" అన్నారు. అన్నం పెడతానన్నందుకే వచ్చానని పెద్దోడు తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు.

క్లబ్బులో ఉన్న తూకం మిషను మీద వాడు ఎక్కితే ముల్లు చివరికంటా వెళ్ళి అక్కడే ఉండిపోయేది. అందుకని హార్బరులో చేపల కాటా మీద తూచేవాళ్ళం. నూటమూడు కేజీలు. చేపలమ్మే ఆడవాళ్ళు చుట్టూ చేరి, "ఓలమ్మ, ఈ సొరసేపని ఎవుడు కోత్తాడే, కత్తి ఇరిగిపోద్ది!" అని నవ్వేవారు. వాడు తల దించుకుని నోరు మూసుకునే నవ్వేవాడు. అంత మనిషి నవ్వితే చప్పుడొచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

వాడు సంచిని గుద్దే ముందు దాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకునేవాడు, వాళ్ళ నాన్న వలనీ పడవనీ తాకినట్టు. బెంచీ మీద కూర్చునేవాడు కాదు, ఒకసారి విరిగింది లెండి. రింగు బయట వాడు పిడికిలి బిగించగా నేను చూడలేదు. సోడా సీసా కూడా రెండు వేళ్ళతోనే పట్టుకునేవాడు.

అలాంటి వాడి అసలు చెయ్యి నేను ఒక్కసారే చూశాను. తడి ఇసక నింపిన గోనెసంచి దూలానికి వేలాడుతోంది. మాస్టారు ఆ రోజు ఎందుకో, "ఒరే, నీలో ఉన్నదంతా పెట్టి ఒక్కటి కొట్టు, సూత్తాను" అన్నారు. వాడు సంచిని తాకి కళ్ళకద్దుకుని, అర అడుగు వెనక్కి జరిగి, కుడిచేత్తో కొట్టాడు. చెయ్యి వెళ్ళడం నేను చూడలేదు. రేకుల మీద దుమ్మంతా మా నెత్తిన పడింది. సంచి గోడ దగ్గర పడి ఉంది. దాన్ని మోసిన ఇనప కొక్కెం విచ్చుకుని తిన్నని కడ్డీ అయిపోయింది. మాస్టారు ఆ కడ్డీని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. కొట్టినవాడేమో, "కొత్త కొక్కెం నాను తెత్తాన్లెండి మాస్టారూ" అంటూ నిలబడ్డాడు, తప్పు చేసినట్టు. నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇది రాస్తూంటే ఇప్పుడూ లేచాయి.

ఇంత ఉండి ఏం లాభం, వాడితో ఆడే మనిషి లేడు. జిల్లా పోటీలకి ఆ బరువులో వాడొక్కడే పేరిచ్చేవాడు. తలకి నూనె రాసుకుని, గ్లవుజులు కట్టించుకుని, రింగులోకొచ్చి నిలబడేవాడు. ఎదుటి మూల ఖాళీ స్టూలు. రిఫరీ వాడి చెయ్యి పైకెత్తేవాడు, జనం నవ్వుతూ చప్పట్లు కొట్టేవారు, మెళ్ళో బంగారు పతకం పడేది. అలాంటివి మూడు గెలిచాడు. మూడోది తీసుకుని దిగి వస్తూ నా చెవిలో, "వల తడవకుండా సేప తెచ్చినట్టున్నాది బావా, ఇంటికాడ సెప్పుకోడానికి సిగ్గేత్తన్నాది" అన్నాడు.

అభ్యాసానికైనా ఎదుట ఒకడు నిలబడాలి కదా. డెబ్బై కేజీల వాళ్ళు ఇద్దరు ముగ్గురు నిలబడి, ఒక్క రౌండుకే దణ్ణం పెట్టేశారు. చివరికి మాస్టారు నా వంక చూశారు. క్లబ్బులో అందరికన్నా వేగంగా కదిలేది నేనే. నన్ను పట్టుకోగలిగితే వాడు ఎవణ్ణైనా పట్టుకోగలడని ఆయన లెక్క. మొదటి రోజు వాడు పోనీలే అని వదిలిన చెయ్యి నా పెదవికి రాసుకుంటూ పోయింది. అంతే. పెదవి వంకాయలా ఉబ్బింది.

మర్నాడు మా అమ్మ షెడ్డుకొచ్చింది. కొంగు నడుముకి దోపుకుని రింగు పక్కనే నిలబడి, "ఏవండీ మాస్టారూ, కన్నబిడ్డనండీ. మొహం మీద ఇంకోసారి చెయ్యి పడిందో, రేపట్నించి పంపేది లేదంతే. ఆ బాబు తాటిచెట్టంత ఉన్నాడు, వీడు చూస్తే జానెడు. అదేం ఆటండీ!" అంది. పెద్దోడు గబగబా వచ్చి మా అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆవిడే కంగారుపడి వెనక్కి జరిగింది.

మాస్టారికి వాడూ కావాలి, నేనూ కావాలి. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టారు. తడిపసుపు ముద్ద చేసి వాడి గ్లవుజులకి పులమడం. వాడు పూర్తి వేగంతో గుద్దాలి, నా మొహం ముందు వెంట్రుకవాసిలో ఆపాలి. రౌండయ్యాక నేను తెల్ల జేబురుమాలుతో మొహం తుడుచుకుని, విప్పి చూపించాలి. పసుపంటితే వాడు తీరం వెంట రుషికొండ దాకా, పన్నెండు పదమూడు కిలోమీటర్లు, పరుగెత్తాలి. వచ్చేటప్పుడు బస్సెక్కొచ్చు. ఉపాయం విని మా అమ్మ ఎంత సంతోషించిందంటే, పసుపు తనే పంపేది, వారానికో పొట్లం.

మొదటి నెల, దెబ్బ తగలకపోయినా ముద్ద మొహానికి అంటుకుని, నేను రోజూ పెళ్ళికొడుకులా ఇంటికి వెళ్ళాను. వాడు రోజూ రుషికొండ వెళ్ళాడు. రెండో నెలలో మచ్చలు తగ్గాయి. మూడో నెల నుంచి జేబురుమాలు తెల్లగానే ఉండేది, నాలుగేళ్ళ పాటు.

ఆ నాలుగేళ్ళు నేను చూసింది ఇంకెవరూ చూడలేదు. కొట్టడం చాలామందికి వస్తుంది. నూటమూడు కేజీల బరువు వెనక నుంచి తోసుకొస్తున్న చేతిని ముక్కు ముందు ఆపడం ఎవరికొస్తుంది? ముందు వాడి ఎడమ కన్ను కొంచెం చిన్నదయ్యేది. దూరం కొలుచుకుంటున్నాడన్నమాట. ఆ తర్వాత పసుపు వాసన నా ముక్కుకి తగిలేది, గాలి రెప్పలకి తగిలేది. చెయ్యి మాత్రం తగిలేది కాదు. నేను తల పక్కకి తిప్పినా, వెనక్కి వంచినా, మధ్యలో ముందుకి తూలినా, ఆ చెయ్యి నాతో పాటే దారి మార్చుకుని మరీ ఆగేది. మొదట్లో కళ్ళు మూసుకునేవాణ్ణి. తర్వాత మానేశాను, చూడకపోతే పోగొట్టుకుంటాననిపించి. "ముక్కు బాగున్నాదా బావా?" అనేవాడు రౌండయ్యాక. అదే వాడి పలకరింపైపోయింది. బజార్లో కనపడ్డా అంతే. ఆ మనిషి అంత దగ్గరగా నాకోసం అంత జాగ్రత్త పడుతుంటే నేనేదో గొప్పవాణ్ణనుకుని గర్వపడేవాణ్ణి కూడా.

అప్పుడు పెద్ద పోటీ వచ్చింది. దేశం జట్టు శిబిరానికి మనుషుల్ని ఎంచే పోటీ, అదీ మన ఊళ్ళోనే. వాడి బరువులో ఉత్తరాది నుంచి ఒకడొస్తున్నాడు. ఇద్దరే. గెలిచినవాడు శిబిరానికి వెళ్తాడు. మాస్టారు నిద్ర మానేశారు. జాలారిపేటలో అమ్మవారికి మొక్కులు మొక్కారు.

పోటీ ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం మాస్టారు లేని సమయంలో పెద్దోడు నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. చేతులకి పసుపు లేదు.

"బావా, ఒక్క మాట. ఒక్కపాలి తగలనియ్యవా? గట్టిగా కాదు. ఊరికే, సెయ్యి నీ మొకం దాకా ఎల్తాదో నేదో సూసుకుంతాను."

"అదేంటి?"

"సెయ్యి ఆగిపోతన్నాది బావా. నాను ఆపకుండానే ఆగిపోతన్నాది. బయమేత్తన్నాది."

వాడు భయమన్న మాట అనడం నేను వినడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆ కొక్కెం గుర్తొచ్చింది. ఊరికే అంటాడు గానీ ఊరికే తగిలినప్పుడు పెదవి ఏమైందో నాకు తెలుసు కదా. "మా అమ్మ ఊరుకోదు బావా," అన్నాను. "అయినా నీకేంటి, రింగులోకెళ్తే అదే వెళ్తుంది." వాడు నా మొహం వంక చూసి, "నిజమేలే" అని వెళ్ళిపోయాడు. మా అమ్మని అడగనన్నా అడగలేదు నేను. ఆవిడ మీద పెట్టి తప్పించుకున్నాను. ఈ సంగతి మాస్టారికి చెప్పాలని కూడా తోచలేదు.

పోటీ రోజు వాడి మూలలో నీళ్ళసీసా, తువ్వాలు పట్టుకుని నేనే ఉన్నాను. మొదటి రౌండు మూడు నిమిషాలూ ఉత్తరాది వాడు గాలిని గుద్దాడు. పెద్దోడు నలభై ఆరు కేజీల వాడిలా కదిలాడు. అంత ఒళ్ళు ఇక్కడుందనుకుంటే అక్కడుండేది. జనం అరవడం మరిచిపోయారు. నా పక్కన కూర్చున్న ముసలాయనెవరో, "ఓలొల్ల, ఏటి మనిషి, ఏటి మనిషి" అని తనలో తనే అనుకుంటున్నాడు. నాలుగేళ్ళు నేనొక్కణ్ణే చూసినదాన్ని ఊరంతా చూస్తూంటే నాకు ఏడుపొచ్చింది.

రెండో రౌండు మొదలై నిమిషం కూడా కాలేదు. ఎదుటివాడు కొట్టడానికని చెయ్యి తీశాడు, మొహం తెరుచుకుంది. పెద్దోడి ఎడమ కన్ను చిన్నదైంది. కుడిచెయ్యి వెళ్ళింది. హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది.

చెయ్యి ఎదుటివాడి ముక్కు ముందు వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

ఉత్తరాది వాడు కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. దెబ్బ రాకపోయేసరికి తెరిచాడు. ఇంకా ముక్కు ముందే ఉన్న గ్లవుజుని చూశాడు. అప్పుడు కొట్టాడు. పెద్దోడు తన చెయ్యి వంకే చూసుకుంటున్నాడు, దెబ్బ తగిలిందని కూడా తెలిసినట్టు లేదు. మాస్టారు తాళ్ళు పట్టుకుని అరుస్తున్నారు, "పసుపు నేదురా! కొట్రా! పసుపు నేదురా నాయనా!" మూడో రౌండులో ఇంకో రెండుసార్లు చెయ్యి వెళ్ళింది. రెండుసార్లూ ఆగింది. తగిలిన దెబ్బకే మార్కు. రిఫరీ అవతలివాడి చెయ్యెత్తాడు.

గెలిచినవాడు సంబరం చేసుకోలేదు. మా మూలకొచ్చి పెద్దోడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఇది తగిలుంటే నేను ఇవాళ లేచేవాణ్ణి కాదని హిందీలో అన్నాడు. ఆ మాటని మాస్టారు మాకు తెలుగులో చెప్పింది మర్నాడే.

బట్టలు మార్చుకోడానికి వెళ్ళినవాడు మళ్ళీ కనబడలేదు. వెతగ్గా వెతగ్గా చీకటి పడే వేళకి షెడ్డుకొచ్చాడు, ఒళ్ళంతా చెమట, కాళ్ళకి ఇసక. రుషికొండ దాకా పరుగెత్తి వచ్చాడట. మాస్టారు నెత్తి కొట్టుకుంటూ ఎందుకురా అంటే, "తగలకూడనిది తగిలితే శిచ్చేసినారు గదా. తగలాల్సింది తగలకపోతే మరి శిచ్చ నేదేటి?" అన్నాడు.

ఆ తర్వాత మాస్టారు అన్నీ చేసి చూశారు. పసుపు పారేశారు. నన్ను నిలబెట్టి కొట్టమన్నారు. ఈసారి నేను కూడా కొట్టమన్నాను, బతిమాలాను. సంచైతే గోడకెగిరేది. మనిషి మొహం ఎదురైతే చెయ్యి ఆగిపోయేది. నాలుగు నెలల తర్వాత ఒక రోజు వాడు గ్లవుజుల్ని కళ్ళకద్దుకుని, దులిపి, మేకుకి తగిలించి పడవల మీదకి వెళ్ళిపోయాడు. కొంతకాలానికి నేనూ మానేశాను. నాకు పోర్టులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. హార్బరు అక్కడే, పది నిమిషాల దూరం. దూరం నుంచి వాణ్ణి చూసి పక్క దారి పట్టిన రోజులు లెక్కలేనన్ని.

డాక్టరు మాట విన్న తర్వాతి ఆదివారం పొద్దున్నే హార్బరుకి వెళ్ళాను. వలలు బాగుచేసే షెడ్డు వాడిదే ఇప్పుడు. నేల మీద కాళ్ళు చాపుకుని వల కుడుతున్నాడు. జుట్టు నెరిసింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. తల వెనక గోడకి రెండు మేకుల మీద ఒక ఇనప కడ్డీ, దాని మీద తువ్వాలు ఆరేసి ఉంది. ఆ కడ్డీని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు.

"ఓలొల్ల, బావ! దారి తప్పీసినావేటి? ముక్కు బాగున్నాదా?"

డాక్టరు సంగతి చెప్పాను. చప్పుడు లేకుండా, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు. టీ తెప్పించాడు. గ్లాసు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నేనింక ఆగలేకపోయాను.

"బావా, ఆ వేళ షెడ్డు వెనక నువ్వడిగినప్పుడు నేను ఒక్కటి తగలనిచ్చుంటే... పోటీలో నీ చెయ్యి ఆగేది కాదు కదా?"

చేతిలో ఉన్న ముడి పూర్తి చేసి, దారం పళ్ళతో తెంపాడు.

"ఇన్నాళ్ళూ అదే మోత్తన్నావేటి నువ్వు? సెయ్యి ఆగిపోనేదు బావా. నానే ఆపీసినాను."

"నువ్వా? ఎందుకు?"

"ఆడి మోకాళ్ళు వొంగిపోనాయి. పడిపోతన్నోడిని కొడతారేటి? నువ్వు మూలనే ఉన్నావు గదా. సూడనేదేటి?"

చూశాను. బాగా చూశాను. ఉత్తరాది వాడు ఆ క్షణానికి ఒక్క దెబ్బయినా తినలేదు. గుంజలా నిలబడి ఉన్నాడు, ముందుకొస్తున్నాడు. ఎవడి మోకాళ్ళూ వంగలేదు. ఆ సంగతి నాకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు. తలెత్తి వాడి వంక చూశాను. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. ఎడమ కన్ను కొంచెం చిన్నదై ఉంది.

"చూశాను బావా," అన్నాను. "వంగిపోయాయి."

"మరి!" అని మళ్ళీ వల అందుకున్నాడు.

బస్సు దాకా వచ్చి దిగబెట్టాడు, మోకాలి నొప్పితో కుంటుకుంటూనే. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు మలుపు తిరిగాక జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాను. కళ్ళు, ముక్కు, అన్నీ. తుడుచుకుని, పాత అలవాటు కొద్దీ దాన్ని విప్పి చూశాను.

పసుపంటలేదు.